పిళ్ళయారు సుళి కింద ఉన్న లైను

మా ఇంట్లో నాకు అనుమానప్పక్షి అని పేరు. కూరలో ఉప్పు సరిపోయిందని మా ఆయన చెప్పినా సరే, గరిటె తీసి నేను మళ్ళీ రుచి చూడాల్సిందే. తాళం వేసి వీధి చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసిన రోజులకు లెక్కే లేదు. ప్రోగ్రాములు రాసీ రాసీ ఇట్లా తయారయ్యానో, పుట్టుకతోనే ఇంతో తెలియదు గానీ, రిటైరయ్యేదాకా నాకు అన్నం పెట్టింది మాత్రం ఈ గుణమే.

తిరుపతిలో ఇంజనీరింగ్ ముగించి ఈ పనిలో కొత్తగా చేరుతున్న పిల్లలు ఒకరిద్దరు మా ఇంటికి వస్తుంటారు. ఏ కోర్సు చెయ్యాలి, ఏ కంపెనీ మంచిది అని అడుగుతారు. ఆ సంగతులు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ప్రమోషన్లు ఎట్లా వస్తాయో నాకు తెలియదు, తెలిసుంటే నాకే వచ్చేవి. దేన్ని ఎంతవరకు నమ్మాలి, ఎవరిని ఎప్పుడు అనుమానించాలి అన్నది మాత్రం కొంత తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

తెర మీద కనిపించేది

ముందు ఒక్క సంగతి. కంప్యూటరుకు అక్షరం అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది అంకెలే. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది, దాన్నే ఎన్‌కోడింగ్ అంటాం. ప్రపంచంలోని భాషలన్నింటికీ కలిపి చేసింది యూనికోడ్. దాన్ని ఫైల్లో దాచుకునే పద్ధతుల్లో ఇప్పుడు అందరూ వాడేది యుటిఎఫ్-8. అంతకుముందు లాటిన్-1 అని ఒక పాత పట్టిక ఉండేది. అది యూరప్ భాషల కోసం చేసింది, అందులో తెలుగుకు చోటే లేదు.

మనం రాసే ప్రోగ్రాం కూడా ఒక ఫైలే కదా. అందులో తెలుగులో ఒక ఊరి పేరు రాశామనుకోండి. ఆ అంకెల్ని ఏ పట్టిక పెట్టి చదవాలో కంప్యూటరుకు తెలియాలి. తప్పు పట్టిక పెట్టి చదివితే పలమనేరు పలమనేరుగా ఉండదు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాల గుంపు అవుతుంది. పైగా లాటిన్-1తో ఇంకో పీడ ఉంది. ఏ అంకె ఇచ్చినా అది ఏదో ఒక అక్షరం చూపిస్తుందే తప్ప, నాకు తెలియదు అని నోరు తెరిచి చెప్పదు.

ఇట్లా నోరు తెరవని ప్రోగ్రాములను నాకు మొదట పరిచయం చేసింది తిరుపతిలో నా మొదటి బాసు. అప్పట్లో మేం లాడ్జీలకు గదుల ప్రోగ్రాం చేసేవాళ్ళం. కౌంటర్లో తెలుగులో పేరు కొడితే ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. నేను కారణం వెతుకుతున్నాను, ఆయనకేమో ఓపిక లేదు. చదవలేని అక్షరం వస్తే దాన్ని వదిలేసి ముందుకు పొమ్మని చెప్పే మాట ఒకటి ఉంది, దాన్ని తెచ్చి తగిలించాడు. ఎర్రర్ మాయమైంది.

"సూసినావా? ఎర్రర్ రాలేదంటే పని అయిపోయినట్టే" అని అందరికీ టీ తెప్పించాడు.

మరుసటి రోజు లాడ్జీ కౌంటర్ దగ్గర ఒకటే గోల. ప్రోగ్రాం తెలుగు అక్షరాలన్నింటినీ మింగేసి, ఇంగ్లీషులో కొట్టిన ఇంటిపేరు పొడి అక్షరాన్ని మాత్రం మిగిల్చింది. గుండు చేయించుకుని వచ్చిన ఒకాయన చేతిలో చీటీ ఊపుతూ నా మీద పడ్డాడు. "ఏమ్మా, మా నాయన పేరు యాడికి పోయింది? ఎం అని ఒకటే ఉండాది! ఎం అంటే ఎవురు? మునస్వామా, మస్తానా?"

బాసు వెనక గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఆ చీటీ ఆయనకు జవాబు చెప్పుకుంది నేనే. అప్పటి నుంచి ఎర్రర్ వస్తే నాకు హమ్మయ్య అనిపిస్తుంది. ఎర్రర్ రాకుండా పని జరిగిపోతేనే ఫైలు మళ్ళీ విప్పి చూస్తాను. ఎర్రర్‌ను వెతికి సరిచేసేవాళ్ళు వేరు, దాని నోరు మూయించేవాళ్ళు వేరు. రెండో రకం వాళ్ళు ఆఫీసుల్లో తొందరగా పైకొస్తారు. అయినా వాళ్ళు రాసిన ఫైలు మీ చేతికి వస్తే మొదటి లైను నుంచి చదవండి.

నాయుడుగారి ఆచారం

తర్వాత చిత్తూరులో నాయుడుగారి కంపెనీలో చేరాను. రిటైరైంది అక్కడే. చిన్న కంపెనీ, పైతాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళం. నాయుడు పని తెలిసినవాడు. తనే ప్రోగ్రాములు రాసి, తనే తిరిగి అమ్మి కంపెనీని నిలబెట్టాడు. ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా ముందు పోయి నిలబడేవాడు. కోపం వస్తే మాత్రం ముందు మనిషిని పట్టుకుంటాడు, కారణం తర్వాత వెతుకుతాడు. అదే ఆయనతో చిక్కు.

ఆయన కాణిపాకం వినాయకుడి భక్తుడు. కొత్త కంప్యూటరు కొంటే పెట్టె విప్పకుండా కాణిపాకం తీసుకుపోయి పూజ చేయించుకుని వచ్చేవాడు. మా చిత్తూరు వైపు, తమిళం కలిసిన ఇళ్ళలో, ఏ కాగితం మీద రాయడం మొదలుపెట్టినా పైన వినాయకుడి గుర్తుగా చిన్న సుడి ఒకటి గీస్తారు. పిళ్ళయారు సుళి అంటారు దాన్ని. పెళ్ళి పత్రిక మీదా ఉంటుంది, సరుకుల చీటీ మీదా ఉంటుంది. నాయుడు దాన్ని ప్రోగ్రాముల్లోకి కూడా తెచ్చాడు. మా ఆఫీసులో ప్రతి ఫైల్లోనూ మొదటి లైను సుళి, రెండో లైను వినాయకుడికి నమస్కారం. తర్వాతే ఏదైనా.

పైతాన్‌లో ఒక గుర్తు ముందు పెట్టి రాసిన లైను మనుషుల కోసం, కంప్యూటరు దాన్ని దాటుకుని పోతుంది. కాబట్టి అందులో దేవుడి పేరు రాసుకున్నా ఇబ్బంది లేదు. నేనూ రాశాను. మనసులో దండం కూడా పెట్టుకున్నాను. నాకు అనుమానాలు ఎక్కువేగానీ దేవుడితో గొడవలేమీ లేవు.

వ్యాన్లు రాని పొద్దు

పలమనేరు వైపు ఒక డెయిరీకి మేం చేసిన ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఊళ్ళల్లో పొద్దున్నే పాల కేంద్రాల దగ్గర ఆడవాళ్ళు పాలు పోస్తారు. ఏ వ్యాను ఏ ఊళ్ళకు పోయి క్యాన్లు ఎత్తుకురావాలో మా ప్రోగ్రామే డ్రైవర్ల ఫోన్లకు పంపేది. ఏ దారిలో ఏ ఊళ్ళు ఉన్నాయో ప్రోగ్రాంలోనే తెలుగులో రాసిపెట్టాం. డెయిరీ నుంచి వచ్చిన ఊరి పేరును వాటితో పోల్చి చూస్తుంది. పేరు కలిస్తే ఆ దారి వ్యాను, ఎక్కడా కలవకపోతే 'మిగతావి' అని పక్కన పడేస్తుంది. అట్లా పడేసిన ఊరికి వ్యాను పోదు.

ఆ ప్రోగ్రాంను కొత్త సర్వర్ మీదికి మార్చే పని నసీమాకు ఇచ్చారు. అంతకుముందు దాన్ని చూసుకుంది మా ఆఫీసులో పాతవాడు దామోదరం. నసీమా మా దగ్గర చేరి ఏడాది కూడా కాలేదు. పలమనేరు దగ్గర పల్లెటూరి పిల్ల, నెమ్మదస్తురాలు. వాళ్ళమ్మ ఆవులు పెట్టుకుని ఆ డెయిరీకే పాలు పోస్తుంది. కొత్త సర్వర్ మీద ప్రోగ్రాం తనంతట తాను నడవాలంటే, దాన్ని ఏ భాషతో నడపాలో చెప్పే లైను ఒకటి అన్నిటికంటే పైన ఉండి తీరాలి. నసీమా ఆ లైనును పైన పెట్టింది. దాని కింద, ఫైల్లో అంతకుముందే ఉన్న ఎన్‌కోడింగ్ లైనును ఉంచింది. సుళినీ నమస్కారాన్నీ వాటి కిందికి దించింది. నడిపి చూసింది. ఎర్రర్ రాలేదు. రాలేదు కాబట్టి బాగుందనుకుని ఇంటికి పోయింది. ఇక్కడ ఆ పిల్ల చేసింది తప్పే, డ్రైవర్లకు పంపే ఊళ్ళ జాబితాను కూడా తెరిచి చూసుండాల్సింది.

మరుసటి పొద్దున ఒక్క వ్యానూ కదల్లేదు. డెయిరీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఊళ్ళన్నీ 'మిగతావి'లో పడ్డాయి. ఎండెక్కేదాకా క్యాన్లు రోడ్డు పక్కనే ఉండిపోయి, పాలన్నీ విరిగిపోయాయి.

నేను ఆఫీసుకు చేరేసరికి నాయుడు మధ్యగదిలో నిలబడి ఉన్నాడు.

"ఎవురు ముట్టినారు ఆ ఫైల్ని?"

"నేనే సార్" అంది నసీమా. "కొత్త సర్వర్ కోసమని ఒక లైను పైకి పెట్టినాను."

"సుళి యాడ?"

"కిందికి దించినాను సార్. తీసెయ్యలా. ఆ లైను అన్నిటికంటే పైన లేకపోతే..."

"వినాయకుణ్ణి కిందికి దించినావా?"

నసీమా ఏదో చెప్పబోయింది. దామోదరం అందుకున్నాడు. "ఇన్నేండ్లుగా అందరం పైననే పెడతా ఉండాం సార్. ఈ పాపకే అడ్డమొచ్చిందా?"

ఈ పాపకే అనడంలో ఏముందో గదిలో ఉన్న అందరికీ అర్థమైంది. నసీమా ముఖం నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయింది. నాకు ఒళ్ళు మండింది, కానీ చేతిలో ఆధారం లేకుండా నేను నోరు తెరవను.

దామోదరం కూర్చుని సుళినీ నమస్కారాన్నీ మళ్ళీ పైకి తెచ్చాడు. ప్రోగ్రాంను పాత పద్ధతిలో తనే చేత్తో నడిపాడు. ఊళ్ళన్నీ ఎవరి దారిలో వాళ్ళు చక్కగా వచ్చి కూర్చున్నాయి. ఒకరిద్దరు చేతులు జోడించారు. నాయుడు కళ్ళు మూసుకుని లెంపలేసుకున్నాడు.

"నువ్వు ఇంటికి పో పాపా" అన్నాడు నసీమాతో. "పిలిచినప్పుడు వద్దువు."

బాగుపడిందంటే ఎందుకు బాగుపడింది?

నేను నసీమాను వెనకేసుకురాలేదు. అప్పటికి నాకు ఆమె మీదా అనుమానమే. దామోదరం మీదా అనుమానమే, ఎందుకంటే తన పని ఇంకొకరి చేతిలోకి పోయింది. కొత్త సర్వర్ మీదా అనుమానమే. కానీ అన్నిటికంటే ఎక్కువ అనుమానం, ఆ బాగుపడిన తీరు మీద. కంప్యూటరు చదవని లైన్లను పైకి తెస్తే పని బాగుపడటం ఏమిటి? చదవని లైను అటకమీద ఉంటే ఏం, అరుగుమీద ఉంటే ఏం? అవి పైకి పోయినప్పుడు ఇంకేదో కిందికి జారి ఉండాలి.

పిల్లలూ, చెడిపోయిన ప్రోగ్రాంను అందరూ వెతుకుతారు. దానంతట అది బాగైన ప్రోగ్రాంను ఎవరూ వెతకరు. మీరు దాన్నే వెతకండి. మనిషిని అనుమానించడం సుళువు, మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, పేరుంటుంది, కులమో మతమో ఉంటుంది. ముందు ఫైలును విప్పి చూడండి. ఫైలు అయిపోయాక, మీకింకా అనుమానం మిగిలి ఉంటే అప్పుడు మనిషి సంగతి.

నసీమా మార్చిన ఫైలును పక్కన తెరుచుకుని, అందులో రాసిన పలమనేరు అనే పేరు ఎంత పొడుగుందో చెప్పమని కంప్యూటరును అడిగాను. ఏడు అనాల్సింది ఇరవై ఒకటి అంది. యూనికోడ్‌లో ఏత్వమూ కొమ్మూ విడివిడిగా లెక్క కాబట్టి ఆ పేరుకు ఏడు ముక్కలు, ఒక్కో తెలుగు ముక్క యుటిఎఫ్-8లో మూడేసి అంకెలు తీసుకుంటుంది. అంటే కంప్యూటరు వాటిని ముక్కలుగా కలపకుండా అంకెకొక అక్షరం చొప్పున చదువుతోంది. తప్పు పట్టిక! పేరును తెర మీద చూపించమంటే టోపీ అక్షరాల గుంపు వచ్చింది.

అప్పుడు ఆ ఎన్‌కోడింగ్ లైనును చదివాను. ఫైలు యుటిఎఫ్-8లో ఉంటే, లైను లాటిన్-1 అని చెబుతోంది. పచ్చి అబద్ధం. మనుషుల కోసం రాసిన లైన్లను పైతాన్ దాటుకుని పోతుందన్నాను కదా, ఈ ఎన్‌కోడింగ్ లైనును మాత్రం చదువుతుంది. అదైనా ఫైలు మొదటి రెండు లైన్లలో ఉంటేనే. మూడో లైనుకు జారితే దాన్ని పట్టించుకోదు, యుటిఎఫ్-8 అనుకుని ముందుకు పోతుంది. ఇన్నేళ్ళుగా సుళీ నమస్కారమూ రెండు లైన్లు పైన కూర్చుని, ఆ అబద్ధాన్ని మూడో లైనుకు తోసి దాచిపెట్టాయి. నసీమా దాన్ని రెండో లైనుకు తెచ్చింది. కంప్యూటరు దాన్ని చదివింది, నమ్మింది.

చింతపండు, ఎండుమిరప

నాయుడుకు నోటితో చెబితే వినడని తెలుసు. ఆయన్నీ దామోదరాన్నీ పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. బాగా నడుస్తున్న ఫైలుకు నకలు తీసి, సుళి ఉన్న చోట చింతపండు అనీ, నమస్కారం ఉన్న చోట ఎండుమిరప అనీ కొట్టాను.

"ఏందమ్మా ఇది! దేవుని జాగాలో చింతపండా?" నాయుడు కుర్చీలోంచి లేచాడు.

"కూర్చోండి సార్. ఇది నకలే."

నడిపాను. ఊళ్ళన్నీ ఎవరి దారిలో అవి వచ్చాయి. దామోదరం తెరకేసి గుడ్లప్పగించి చూశాడు. తర్వాత నసీమా ఫైలు తెచ్చి, అందులో ఒక్క లాటిన్-1 లైను మాత్రం తీసేశాను. సుళి ఆమె దించిన చోటనే ఉంది. నడిపాను. అన్నీ సరిగ్గా వచ్చాయి.

"ఈ లైను పెట్టింది ఎవరు సార్?" అని అడిగాను.

దామోదరం నాయుడు వైపు చూశాడు.

"నేనే" అన్నాడు నాయుడు. "కంపెనీ పెట్టిన కొత్తల్లో, ఫైళ్ళల్లో సుళి పెట్టకముందు, ఏదో ఎర్రర్ వస్తా ఉంటే, అది పెడితే నిలిచిపోయింది. దాన్నే మాదిరి ఫైల్లో పెట్టేసినాను. అందరూ దాన్ని చూసే రాసుకుంటా వచ్చినారు."

లేచి నిలబడి, "సరేమ్మా, ఆ లైను తీసెయ్యి. సుళి మాత్రం పైననే ఉండనీ. పాపకు నేను ఫోన్ చేసి రమ్మంటాలే" అన్నాడు.

నాకు ఇక్కడే అనుమానం వచ్చింది. సుళి పైన ఉండగా వ్యాన్లు నడిస్తే, నడిపించింది సుళే అంటారు. దాన్ని దించిన పిల్లే పాలు విరగ్గొట్టిందని అంటారు. "అట్ల కాదు సార్. లైన్లు నసీమా పెట్టిన వరసలోనే ఉండి రేపు వ్యాన్లు నడవాల" అన్నాను.

"మళ్ళీ నిలిచిపోతే?"

"నిలిచిపోతే నన్ను ఇంటికి పంపించండి."

మరుసటి పొద్దున వ్యాన్లన్నీ వేళకు కదిలాయి. నాయుడు అక్కడికక్కడే నసీమా వాళ్ళింటికి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు కాబట్టి మేమూ విన్నాం. వాళ్ళ నాయన ఎత్తాడు. పాప తప్పు కాదని ఆఫీసులో తేలిందని నాయుడు చెప్పాడు.

"ఆఫీసులో తెలిస్తే ఏం లాభం సార్? ఈడ ఊరంతా తెలిసిపోయె. మీ బిడ్డ దేవుణ్ణి తీసేసింది, అందుకే మా పాలు విరిగినాయి అంటా ఉండారు. మా ఇంటామె పాల కేంద్రం కాడికి పోవాలంటేనే ఏడస్తా ఉండాది."

నేను దామోదరం వైపు చూశాను. అతను తల దించుకున్నాడు. "డ్రైవర్లు అడిగితే చెప్పినాను మేడం" అన్నాడు. డ్రైవర్లు పోయి ప్రతి కేంద్రం దగ్గరా చెప్పారు.

పాల కేంద్రం దగ్గర

నాయుడు గొప్పతనం ఇక్కడ చెప్పుకోవాలి. ఇంకొకడైతే ఫోన్ పెట్టేసి వేరే అమ్మాయిని చూసుకునేవాడు. ఆయన మరుసటి పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కారు తీశాడు. పలమనేరు చలికి నేను చెంగు కప్పుకుని దిగాను. కేంద్రం ముందర ఆడవాళ్ళు క్యాన్లతో వరసగా నిలబడి ఉన్నారు. నసీమా వాళ్ళమ్మతో కలిసి ఆ వరసకు దూరంగా, గోడ పక్కన ఉంది.

నాయుడు చెప్పులు విడిచి మాట్లాడాడు. "అమ్మా, అందరూ వినండి. ఆ పొద్దు మీ పాలు విరిగింది నా వల్ల. నేను రాసిన ఒక లైను తప్పు. ఈ పాప తప్పు ఏమీ లేదు. వినాయకుణ్ణి ఈ పాప తీసెయ్యలా. ఇప్పుడు కూడా ఈ పాప పెట్టిన చోటనే ఉండాడు, నిన్న వ్యాన్లు పొయినాయి, ఈ పొద్దు కూడా వస్తాయి."

వరసలో ముందున్న ఒకామె, "మీరే తప్పు చేసినామంటే ఇంకేముండాది సామీ" అంది. అంది గానీ వాళ్ళ క్యానుకు చోటిచ్చి పక్కకు జరగలేదు. నసీమా వాళ్ళమ్మ నాయుడికేసి చూస్తూ, "ఇన్నేండ్లూ నా క్యాను పక్కన క్యాను పెట్టినోళ్ళే సార్ వీళ్ళంతా" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రేపట్నుంచి ఆఫీసుకు రా పాపా" అన్నాడు నాయుడు నసీమాతో.

"వస్తాను సార్" అంది నసీమా. "దేవుని పేరుండే ఫైలు మాత్రం నాకియ్యద్దు."

మా ఆఫీసులో దేవుడి పేరు లేని ఫైలు ఒక్కటి కూడా లేదు. అది నాయుడుకూ తెలుసు, నసీమాకూ తెలుసు.

"అన్నిట్లో నుంచి తీసేస్తాను. ఈ పొద్దే తీసేస్తాను" అన్నాడాయన.

నసీమా వరస వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"వద్దు సార్. అది కూడా నేనే తీయించినానంటారు."